చెమ్మాయన ముక్కు

చెమ్మాయన టీకొట్టు బల్ల మీద చతికిలబడ్డాడంటే ఇక లేవడు. ఏ ఇంటికి చెమ్మ చేరి బూజు పట్టే ప్రమాదం ఎంతుందో చూసి కాగితం రాసివ్వడం ఆయన ఉద్యోగం, అందుకే ఆ పేరు. ఆయన్ని మళ్లీ ఒకసారి ఇంటికి తీసుకెళ్లాలని దర్జీ చేతిలో కత్తెరతోనే కొట్టు వదిలి వచ్చాడు. కూతురి దగ్గుతో రెండు వారాలుగా ఇంట్లో ఎవరికీ కునుకు లేదు. చెమ్మాయన కబుర్ల మధ్య అడగడానికి సందు దొరికితేగా!

"ఆఫీసువాళ్లు చెమ్మ కొలిచే మీటరిచ్చార్లే, అది సంచిలో నిద్రపోతోంది. నాకెందుకయ్యా మీటరు, ఈ ముక్కుండగా? ఓ పెద్ద మేడకి వెళ్లి, గుమ్మం కూడా దాటకుండా, మూడో అంతస్తు స్నానాలగది పైకప్పు అన్నా. పగలగొడితే నల్లగా ఇంత మందాన బూజు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెబితేగా తెలిసేది," అన్నాడు టీకొట్టాయన, పొయ్యి మీద పాలు పెట్టి.

"ఓ మేస్త్రీ ఫోన్ చేశాడు. హలో అన్నాడో లేదో, ఫోన్లోంచే గుప్పున కొట్టింది! బాబూ, నీ వెనక గోడలో పైపు కారుతోంది చూసుకో అన్నా. అక్కడే కూలబడ్డాడు పాపం."

"కొయ్యండి, కొయ్యండి," అన్నాడు ఆటో అతను.

"కోతలా? ఇంకోచోట ఉత్త ఖాళీ స్థలం, పునాది కూడా తియ్యలేదు. గాలి పీల్చి, ఇక్కడ కట్టబోయే ఇంట్లో ఆరో ఏట వంటగదికి బూజు పడుతుందన్నా. దెబ్బకి వంటగదే మానేశారు! బూజుక్కూడా నేనంటే హడలయ్యా. నేను వీధి మలుపు తిరిగితే చాలు, గోడ దిగొచ్చి దానంతటదే ఎండలో కూర్చుంటుంది."

అందరూ నవ్వారు. దర్జీకి నవ్వే ఓపిక లేదు.

అంతలో మాడు కంపు. కబుర్లలో పడి టీకొట్టాయన పాలు మర్చిపోయాడు, అడుగంటి మాడిపోయాయి. ఆటో అతను ముక్కు మూసుకుని లేచాడు, మిగతావాళ్లూ దూరం జరిగారు. పొయ్యికి వీపు పెట్టిన చెమ్మాయన మాత్రం కదల్లేదు.

"అదేంటి, కథ మధ్యలో లేస్తారేం?"

దర్జీ అలసిపోయిన గొంతుతో అన్నాడు: "అన్నా, పోయిన వానల్లో మా ఇంటికొచ్చి, బీరువా కూడా జరపకుండా, వాసన లేదు, ప్రమాదం లేదు అని రాసిచ్చారు. ఆ కాగితం చూపించే ఇంటాయన గోడ బాగుచెయ్యనంటున్నాడు. ఇప్పుడు బీరువా వెనక గోడంతా బూజు. దాని పక్కనే మా పాప పడుకునేది. పాలు మాడి ఇంత కంపు కొడుతుంటే మీకు తెలియలేదా?"

చెమ్మాయన వెనక్కి తిరిగి నల్లబడ్డ గిన్నె వైపు చూశాడు.

"ఓ పెద్ద జ్వరమొచ్చి రెండేళ్లయింది," అన్నాడు మెల్లగా. "అప్పట్నుంచీ నాకు ఏ వాసనా తెలియట్లేదు. ఇంట్లో కూడా చెప్పలేదు."

టీ సగంలో వదిలేసి సంచిలోంచి మీటరు పెట్టె తీశాడు. దానికి అంటించిన టేపు ఇంకా ఊడనేలేదు.

"నీ కత్తెర ఇలా ఇవ్వు తమ్ముడూ."