ఎర్రర్లున్న ఎస్ఎస్‌డీ

శుక్రవారం ఉదయం, అల్ ఘర్రాఫాలోని ఇంట్లో అతను కూతురి కోసం డెస్క్‌టాప్ బిగిస్తున్నాడు. పాత ల్యాప్‌టాప్‌ల నుంచి ఊడదీసిన, డేటా దాచే ఎస్ఎస్‌డీలు రెండు పక్కనే ఉన్నాయి. భార్య వచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

“అన్నీ కొత్తవి కొని, పిల్ల చదువంతా దాచుకునేది మాత్రం పాతదాంట్లోనా?”

“పాతదైతే ఏం? టెస్ట్ చేశాను. మొదటిది గుండ్రాయిలా ఉంది.”

“మరి రెండోది?”

“అక్కడక్కడా ఎర్రర్లొస్తున్నాయి. ఆటలకి పనికొస్తుందిలే.”

“రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో క్రేన్లతో బరువులెత్తే బెల్టులు చెక్ చేసేది మీరేగా? పీచు లేచిన బెల్టు కనిపిస్తే ఏం చేస్తారు?”

“అక్కడికక్కడే కోసేస్తాను. లేకపోతే ఎవడో ఒకడు మళ్ళీ వాడేస్తాడు.”

అనేశాక గానీ తన మాటే తనకు తగిలిందని అతనికి తెలియలేదు. ఆమె అప్పటికే వంటింట్లోంచి కత్తెర పట్టుకొచ్చింది.

“ఆగాగు! అందులో మన వీడియో ఒకటుంది, ముందు దాన్ని తీసుకోనీ.”

“ఏం వీడియో?”

“ఈ దేశం వచ్చిన కొత్తలో సీలైన్ ఎడారికి వెళ్ళాం చూడు. నువ్వు ఇసుకదిబ్బ మీంచి కిందిదాకా దొర్లావే, అది.”

“అది ఇంకా దాచారా? ఇలా ఇవ్వండి, ఇప్పుడే కోసేస్తాను!”