కోత పండుగలో అమ్మ బీరువా

మెట్టుగూడలో ఒక ఆదివారం మధ్యాహ్నం. రైల్వేలో పనిచేసి రిటైరైన జకర్యా, చర్చిలో అందరూ కానుకగా తెచ్చిన వస్తువుల్ని వేలం వేసే కోత పండుగ ముగించుకుని ఇంటికొచ్చాడు. ఆయన వెనకాల ట్రాలీ ఆటో, ఆటోలో టార్పాలిన్ కప్పిన సామాను. అందులో ఏముందో చెప్పే ఉద్దేశం ఆయనకు లేదు. చెప్పించకుండా వదిలే అలవాటు భార్య ప్రేమమణికి లేదు.

"...అది కాదు ప్రేమా, ముందు లోపలికి పద. ఎండలో నిలబెట్టి ఏంటీ విచారణ?"

"నేను లోపల్నించే వచ్చాను. గది ఇప్పుడే ఫినాయిల్ వేసి కడిగాను. ఎంత బాగుందో తెలుసా? మాట్లాడితే మారుమోగుతోంది. టార్పాలిన్ కింద ఏముందండీ?"

"గుమ్మడికాయ."

"ఒక్క గుమ్మడికాయకి ట్రాలీ ఆటోనా?"

"పెద్దది. పాస్టరమ్మగారి పెరట్లో కాసింది."

"పాస్టరమ్మగారి గుమ్మడికాయకి పెడల్ ఉంటుందా?"

"పెడలా? ఎక్కడ?"

"అదుగో, టార్పాలిన్‌లోంచి పొడుచుకొచ్చింది."

"ఓ, అదా! అది సైకిల్. రోడ్డు మీద పోయేది కాదులే, ఉన్నచోటే తొక్కేది. సైలస్‌ది."

"సైలస్ అన్నయ్య సైకిల్ మన ట్రాలీలో ఎందుకుంది?"

"వేలంలో పాడాను."

"పొద్దున మీరు వెళ్ళింది ఇవ్వడానికి. తెచ్చుకోడానికి కాదు."

"ఇచ్చాను కదా! అన్నీ ఇచ్చాను. రిటైర్మెంట్ రోజు కప్పిన శాలువాలు, గోడ గడియారాలు, నువ్వు రోజూ తిట్టే ఆ ప్లాస్టిక్ డబ్బాలు సుత ఇచ్చేశాను."

"ఇంట్లో సామాను తగ్గించాలని కొన్న డబ్బాలు."

"అవే."

"ఆ డబ్బాలు పెట్టడానికని కొన్న ర్యాకు?"

"ఇచ్చాను."

"డబ్బాల మీద పేర్లు అంటించే మిషను?"

"దాన్ని ముందే ఇచ్చాను."

"సామాను ఎలా తగ్గించుకోవాలో చెప్పే పుస్తకాలు? మూడు?"

"రెండు ఇచ్చాను. మూడోది ఇంకా చదవలేదు."

"బాగుంది. మరి ఈ సైకిల్ సంగతి?"

"మన డబ్బాలన్నీ సైలస్ పాడుకున్నాడు ప్రేమా. చూడు, నావి వాడు పాడుకుని, వాడిది వచ్చేసరికి నేను చేతులు కట్టుకుని కూర్చుంటే బాగుంటుందా? పైగా కమిటీ మెంబర్ని. వచ్చే ఆదివారం వాడికి మొహం ఎట్లా చూపించాలి?"

"మొహం చూపించడానికి సైకిల్ కొనాలా? జరగండి, చూడనివ్వండి... ఈ సీటు కవరేంటి?"

"సీటుకి ఉండే కవరు."

"ఈ నీలం గుడ్డ నా పాత పరదాది. ఈ కుట్టు నాది."

"ఆ రంగు పరదాలు ఊళ్ళో చాలామందికి..."

"ఇది మన సైకిలండీ! మోకాళ్ళ నొప్పులకని కొని, వారం తొక్కి, దాని మీద ప్యాంట్లు ఆరేసి, పోయినేడు కోత పండుగకి ఇచ్చిన మన సైకిలు!"

"అవునా? అదే, ఎక్కడో చూసినట్టుంది అనుకున్నా."

"దేవుడా! ఈ చర్చిలో రిటైరైన మగాళ్ళందరిదీ ఇదే పని. మీ చెత్త వాళ్ళింటికి, వాళ్ళ చెత్త మనింటికి, మధ్యలో పాస్టరయ్యగారి ప్రార్థన!"

"చెత్త అనకు. కానుక."

"ఆ కానుక పక్కన గాజుదేంటి?"

"చేపల తొట్టి. రోనాల్డ్‌ది."

"చేపలేవి?"

"లేవు."

"చేపల్లేని తొట్టి కొన్నారా?"

"చేపలుంటే వాటికి తిండి పెట్టాలి, నీళ్ళు మార్చాలి, పెద్ద పరేషాన్. ఇది హాయి."

"జకర్యాగారూ."

"పేరు పెట్టి పిలిచావంటే..."

"కోపంలో ఉన్నాననే. రేపు అక్క వస్తోంది. తుంటి ఆపరేషన్ అయిన మనిషి. తిరుమలగిరిలో ఆ మూడో అంతస్తు మెట్లు ఇక రోజూ ఎక్కిదిగడం తన వల్ల కాదు. ఎన్నిసార్లు బతిమాలితే ఒప్పుకుందో మీకు తెలుసు. మీకు ఇరుకైతే చెప్పు ప్రేమా, నేను వృద్ధాశ్రమానికి పోతాను అంది. ఆ మాట విన్న రోజు నేను అన్నం తినలేదు. ఒక్క గది! ఒక్క గది ఖాళీ చేసిపెట్టమని మిమ్మల్ని అడిగాను."

"చేశాను కదా ప్రేమా."

"చేసి, మళ్ళీ నింపడానికి ట్రాలీ తెచ్చారు!"

"ఇవి గదిలోకి కాదు. వరండాలో."

"వరండాలో పోయినేడు తెచ్చినవి ఉన్నాయి."

"మేడ మీద..."

"అటుపోయినేడు తెచ్చినవి. సరే, అన్నీ ఒకెత్తు, అది ఒకెత్తు. అదైనా పోయిందా లేదా? అది చెప్పండి."

"ఏది?"

"ఏదేంటి? బీరువా! ఆ టార్పాలిన్ కింద బీరువా గానీ ఉందంటే నేనే అక్కతోపాటు ఆశ్రమానికి పోతా."

"లేదు. పోయింది."

"నిజంగా?"

"నిజంగా. కావాలంటే ఎత్తి చూసుకో."

"...హమ్మయ్య. సగం గది అదే తినేది. దాని తలుపు తీస్తే మన పాత డబుల్ కాట్ మీద మనిషి కాళ్ళు ముడుచుకోవాల్సిందే."

"అవును."

"ఎవరు పాడారు?"

"హదస్సా. కాయర్‌లో పాడుతుందే, ఆ అమ్మాయి."

"హదస్సాకి ఆ బీరువా ఎందుకు? వాళ్ళుండేది రెండు గదుల ఫ్లాటు."

"ఎవరి కోసమో పాడింది. ఆడవాళ్ళ వైపు, వెనకాల స్తంభం దగ్గర నిలబడి, మాటిమాటికీ వంగి ఎవరినో అడుగుతోంది. మగవాళ్ళ వైపు నుంచి నాకు స్తంభమే కనబడింది."

"మీకెందుకు అదంతా? మీరు ఇచ్చినవాళ్ళు, ఊరికే కూర్చోవాలి."

"కూర్చున్నా."

"మీ గొంతు ఎందుకట్లా ఉంది?"

"ఎండ."

"మీరు పాడారా?"

"ముందు ట్రాలీవాడికి డబ్బులిచ్చి వస్తా."

"ఏవండీ, మీ బీరువాకి మీరే పాట పాడారా?"

"ఎవరూ పాడలేదు ప్రేమా! అయ్యగారు ఒకటోసారి అన్నారు. ఎవరూ లేరు. టేకు చెక్క అన్నారు. ఒక్కడూ తల ఎత్తలేదు. రోనాల్డ్ అయితే, ఇంత పాతది ఎవరింట్లో పడుతుందండీ అని నవ్వాడు. మా అమ్మ బీరువా అది. తెనాలి నుంచి రైల్లో, సామాన్లు వేసే బ్రేక్‌వ్యాన్‌లో ఎక్కించి, గీత పడకుండా అమ్మ తన దుప్పట్లే చుట్టింది. పొద్దున ఆ తలుపు కిర్రుమంటే ఇల్లంతా ప్రార్థనకి లేచేది. అట్లాంటిదాన్ని అందరి ముందూ నిలబెట్టి, అడిగేవాడు లేకపోతే... నేను చెయ్యెత్తాను. పాట లేపుదామని. అంతే."

"తర్వాత?"

"తర్వాత స్తంభం వెనక నుంచి హదస్సా పెంచింది. నేను పెంచాను. తను పెంచింది. చర్చంతా మా ఇద్దరినే చూస్తోంది. ఎక్కడిదాకా పోయిందో అడక్కు."

"మరి ఎందుకు వదిలారు?"

"మీ అక్క గుర్తొచ్చింది. చెయ్యి సగం లేచింది. ఆ గదిలో వదిన మంచం ఎక్కడ వేస్తాం అనుకున్నా. చెయ్యి దించేశా. అయ్యగారు మూడోసారి అన్నారు. అయిపోయింది."

"అందుకేనా ఈ సైకిలూ, ఈ తొట్టీ?"

"ఖాళీ చేతులతో రాబుద్ధి కాలేదు ప్రేమా."

"...ముందు మంచినీళ్ళు తాగండి. ఇదుగో. నేను అనాల్సింది కాదు. అంత కష్టమని తెలిస్తే..."

"నువ్వు అనకపోయినా ఇవ్వాల్సిందే. మనిషికి చోటు కావాలి కదా. కానీ ఒక్కటి. బీరువా ఇచ్చేస్తున్న సంగతి వదినకి చెప్పకు. తన వల్లే అని బాధపడుతుంది."

"బీరువా సంగతా? అక్కకా?"

"చెప్పావా?"

"మొన్న ఫోన్‌లో మాట వరసకి... ఆగండి, అక్కే చేస్తోంది. స్పీకర్ పెడతా. అక్కా, చెప్పు!"

"ప్రేమా! మరిదిగారు ఇంటికి చేరారా?"

"ఇక్కడే ఉన్నాను వదినగారూ. మీ గది రెడీ. రేపు పొద్దున్నే కారు తీసుకొస్తాను."

"రేపు నేనొస్తాలే. ఇవాళ నా సామాను పంపిస్తున్నా. ట్రాలీ చర్చి దగ్గర బయల్దేరింది. గేటు తీసి ఉంచు ప్రేమా."

"చర్చి దగ్గరా? నీ సామాను చర్చిలో ఎందుకుందక్కా?"

"అక్కడే కొన్నాను కాబట్టి. ఆరాధన కాగానే నువ్వు ఇంటికి వెళ్ళిపోయాక ఆటోలో వచ్చాను. స్తంభం వెనక బెంచీ మీద కూర్చున్నా. ఈ కర్రతో లేచి నిలబడి అరవడం నా వల్ల కాదని హదస్సాని పెట్టుకున్నా. మగవాళ్ళ వైపు ఎవరో మొండివాడున్నాడు ప్రేమా, ఒక పట్టాన వదల్లేదు. ఎవడని అడిగితే హదస్సా ఒకటే నవ్వు, చెప్పలేదు."

"వదినగారూ... మీరు... బీరువా..."

"మీ డబుల్ కాట్ వేయొద్దు, తిరుమలగిరి నుంచి ఒంటి మనిషి పట్టే నా నవారు మంచం వస్తుంది. హదస్సా ఫోన్‌లో ప్రేమని అడిగి గది కొలతలు తీసుకుంది. బీరువా పక్కన సరిగ్గా పడుతుంది."

"పరదాలు కుట్టించడానికని కొలతలు అడిగిందండీ హదస్సా! నేను నిజమే అనుకున్నా!"

"అంత పాటకి ఎందుకు పాడారు వదినగారూ? నేను ఇష్టపడే ఇచ్చాను. మీ కంటే అది ఎక్కువా?"

"అది ఎక్కువని కాదు మరిదిగారూ. నాకు చోటివ్వడానికి మీ అమ్మ బీరువా బయటికి పోయిందనుకోండి, రేపట్నుంచి ఆ ఇంట్లో ఎక్కువైన సామాను నేనే కదా."