పాము కరిచిన చెయ్యి

శాసనసభ విరామంలో, వరండాలో వెళ్తున్న ఆరోగ్యమంత్రికి ప్రతిపక్ష సభ్యురాలు ఎదురొచ్చింది.

“మా కొండ ఊళ్ళ ఆసుపత్రి ఎందుకు మూసేస్తున్నారు మంత్రిగారూ?”

“మూసేయడం కాదమ్మా, ఇకనుంచి డాక్టరు ఫోన్లోనే చూస్తాడు.”

“మా దగ్గర ఫోను పలకాలంటే గుట్టెక్కాలి. నొప్పులు పడే పిల్లని గుట్టెక్కించమంటారా?”

“అన్నిటికీ వంకలే! అక్కడికి రోజుకి పదిమంది కూడా రారు.”

“నిజమే. పోయినేడు ప్రచారానికొచ్చి, చేతిమీద పాము కరిచిన పెద్దమనిషి కూడా ఒక్కరే వచ్చారు.”

మంత్రి చుట్టూ చూశాడు. “కాస్త మెల్లగా అనమ్మా!”

“ఆరోజు మా నర్సు ఇంజెక్షన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, ఫోన్ చేసి ఊరుకోలేదు. సభలో మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

“ఆ ఆసుపత్రి ఫైలు మీద ఇంకా సంతకం పెట్టలేదులే.”

“పెట్టాల్సింది ఆ చేత్తోనేగా?”

మంత్రి కుడిచెయ్యి జేబులో దాచుకున్నాడు.