మూడు చుట్ల బీడీలు

బోధన్‌లో బీడీలు చుట్టే ముసలామె వాకిట్లో ఎస్సై కూర్చుని, ఆమె చాటలో నాలుగు బీడీలు పెట్టాడు.

"ముగ్గురు బీడీలు చేసే ఆడోళ్ళను చంపింది ఒక్కడే, అవ్వా. చంపినంక పక్కనే కూసొని, వాళ్ల చాటల మిగిలిన ఆకంత చుట్టి పోయిండు. ఇవి వాడు చుట్టినయే. ఎవల చేతి పనో చూసి చెప్పు."

"మొగోడు బీడీలు సుట్టిండా?"

"హైదరాబాద్ సైకాలజీ డాక్టరు గట్లనే రాసిచ్చిండు. చంపినోడు చిన్నప్పుడు తల్లి పక్కన కూసొని నేర్చుకున్నడట. అలసిపోయిన తల్లి పని తీరుస్తున్న అనుకుంటడట."

"అందరు దారం రెండు సుట్లు సుడుతరు సారూ. గివి మూడున్నయ్."

"మూడు ఎవరు చుడుతరు?"

"నేను సుడుత. ఇంకొకలకు నేర్పిన."

"ఎవలకు?"

"నా కొడుక్కు. లోపల అన్నం తింటుండు. తిననియ్యి."