అక్కగారి కవర్లు

పెన్షన్ ఆఫీసు, మూడో కౌంటరు. కిటికీకి ఇటు ఆమె, అటు గుమాస్తా.

"దరఖాస్తు అలా మడత పెట్టకూడదు మామ్మగారూ."

"మామ్మగారేమిటి? ఆంటీ అనలేరూ?"

"మీరు మడిచి దాస్తున్న పుట్టినతేదీ ప్రకారం మామ్మగారే. అరవై తొమ్మిది."

"అబ్బ, మెల్లిగా! బయట బెంచీ మీద మా ఆయన ఉన్నారు."

"ఆయనకు తెలియదా?"

"యాభై తొమ్మిదని చెప్పాను."

"పదేళ్లేనా? మొహమాటపడ్డట్టున్నారు."

"వెటకారం ఆపి పని చూడండి బాబూ. పెళ్లయి రెండు నెలలే అయింది."

"శుభాకాంక్షలు. అరవై అయిదుకే పెట్టుకోవాల్సిన పెన్షన్. నాలుగేళ్లు ఆలస్యం. ఇదివరకైతే ఎంత ఆలస్యంగా వచ్చినా వెనకటి ఆరు నెలలదే ఇచ్చేవాళ్లం. ఇప్పుడు దాన్ని అయిదేళ్లకు పొడిగించారు."

"పేపర్లో చూశాను. అందుకేగా పరిగెత్తుకొచ్చింది! నాలుగేళ్లదీ వస్తే ఇద్దరం సముద్రం చూసొస్తాం. సముద్రం బొమ్మలున్న కార్డులు ఊరంతా పంచడమే గానీ, ఆయన ఒక్కసారీ చూడలేదట."

"తప్పకుండా చూడండి. కాకపోతే రెండు చిక్కులు. ఆలస్యానికి కారణం రాయాలి. పెళ్లయినవాళ్లయితే భర్త సంతకం కూడా కావాలి. సరిగ్గా పుట్టినతేదీ కింద."

"అక్కడేనా? కాగితం వెనక చేయించుకోకూడదూ?"

"తెర కూడా కట్టిస్తాం."

"పోనీ, తేదీ మీద మీ వేలు పెట్టి పట్టుకోండి. ఆయన కళ్లజోడు నా సంచిలోనే ఉంచాను."

"ఇంత ముందుచూపు ఉన్నవారు నాలుగేళ్లు ఏం చేశారు? ఏటా ఒక రిజిస్టర్డ్ ఉత్తరం పంపాం. అందలేదనకండి, మీ సంతకాలున్నాయి."

"అందాయి. అందబట్టే వచ్చింది చిక్కంతా."

"అంటే?"

"అవి తెచ్చింది ఆయనే. మా వీధి పోస్ట్‌మ్యాన్. పోయినేడే రిటైరయ్యారు."

"ఓహో!"

"మొదటి కవరు తెచ్చినరోజు గుమ్మంలో నిలబడి మంచినీళ్లు అడిగారు. ఆ గ్లాసు పట్టుకుని... సరే, అదంతా మీకెందుకు! నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. పెన్షన్ పెట్టుకుంటే ప్రతి కాగితమూ ఆయన చేతి మీదుగానే రావాలి. ఇక దాచేదేముంది?"

"కవరు మీదే ఉంటుంది కదమ్మా, అరవై అయిదు నిండినవారికి అని, ఇంతింత లావు అక్షరాలతో."

"అది మా అక్కకి వచ్చిందన్నాను."

"మీ పేరుంటుంది దాని మీద."

"ఇద్దరిదీ ఒకే పేరన్నాను."

"పాపం, మీ అమ్మానాన్నలకు ఇంకో పేరు దొరకలేదన్నమాట. నమ్మారా?"

"ఉట్టి అమాయకుడు! 'అక్కగారు లోపలున్నారా' అనేవారు. పడుకుందనేదాన్ని."

"నాలుగేళ్లూ?"

"నీరసం మనిషి అన్నాను."

"భేష్. ఇప్పుడు కారణం గడిలో ఏం రాయమంటారు? అక్క ఇంకా లేవలేదనా?"

"ఒంట్లో బాగాలేదని రాసెయ్యండి."

"డాక్టరు కాగితం కావాలి."

"నిజం రాస్తేనో?"

"దానికి సాక్షి కావాలి. అబద్ధమే చవక."

"నిజం వద్దులెండి. ఆయన మొహం ఎలా చూడను? సముద్రమూ వద్దు, ఏమీ వద్దు, ఆ కాగితం ఇటివ్వండి... అయ్యో, వచ్చేస్తున్నారు! వేలు! వేలు పెట్టండి!"

"ఏమోయ్, ఇంకా కాలేదా? సంతకం ఎక్కడ?"

"ఇక్కడేనండీ. చదవక్కర్లేదు, ఊరికే గీసెయ్యండి."

"గుమాస్తాగారూ, ఆ వేలు కాస్త తీస్తారా? ముప్ఫయ్యేళ్లు చిరునామాలు చదివిన కళ్లు. జోడు దాచేసినా చదువుతాయి."

"అది... ఆఫీసువాళ్లు తప్పు వేశారండీ. అది మా అక్కది..."

"అవునవును. మరి ఈ కారణం గడి ఖాళీగా ఉందే? పోస్ట్‌మ్యాన్ వల్ల అని రాయండి సార్. సాక్షి సంతకం కూడా నేనే పెడతాను."

"మీకు... తెలుసా?"

"పెళ్లికి మీ అక్క ఎందుకు రాలేదని నేనెప్పుడైనా అడిగానా?"