థర్మోకోల్ వరిచేను

ఆమదాలవలస దగ్గర ఒక ప్రైవేటు బడి. ఒకటో తరగతి గుమ్మంలో ఓ తల్లి థర్మోకోల్ అట్ట పట్టుకుని టీచరు ముందు నిలబడింది.

“ఏంటమ్మా ఇది?”

“వరిసేను, టీచరమ్మా. పాప తెమ్మన్నాదని టేసను కాడ ఫేన్సీ షాపులో కొన్నాను.”

“కొనమనలేదమ్మా. ఈ ఏడు చిన్న తరగతులకి సిలబస్ మారింది. ఇంట్లో పెద్దవాళ్ళు చేసే పని చూసి పిల్లలు నేర్చుకోవాలి. మీకు చేనుంది కదా, నాలుగు నారు మొక్కలు మట్టితో సహా పంపితే చాలు.”

“మట్టా? బడికా?”

“అవునమ్మా. పిల్లలు చేత్తో ముట్టుకుని చూడాలట.”

“నిరుడు బూట్లకి మడి మట్టంటుకుందని పాపని గేటు కాడ నిలబెట్టీసినారు. నానొచ్చి కడిగితేగాని లోనికి రానీలేదు. అప్పట్నుంచి దాన్ని సేను గట్టు కూడా ఎక్కనీడం లేదు.”

“అది రూలమ్మా.”

“ఇప్పుడా రూలు తీసీసినారా?”

“లేదమ్మా. సిలబస్ ఒక్కటే మారింది.”

“మరి రేపు పాప మట్టి పట్టుకొస్తే గేటు కాడ ఏటంటారు?”

టీచరు గేటు వైపు చూసింది.

“రేపు పంపకండి. నేను అడిగి చెప్తాను. అందాకా ఆ థర్మోకోల్ చేను ఇక్కడే పెట్టి వెళ్ళండి.”