ట్యాగ్ తీయని సైకిలు

ప్లెయిన్స్‌బరోలో ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్. ఈ మధ్యే రిటైరైన భార్యాభర్తలిద్దరూ పెద్దవాళ్లు తొక్కే ఎర్రటి మూడు చక్రాల సైకిలు ముందు నిలబడి ఉన్నారు.

“ఆరు వందల డాలర్లు పోసి ఇది కొన్నావా? ఈ వయసులో?”

“మరి ఏ వయసులో కొనమంటారు? చిన్నప్పుడేమో ఆడపిల్లకి సైకిలెందుకన్నారు. ఈ దేశం వచ్చాక ల్యాబులో ఉద్యోగం, పిల్లలు, ఇంటి మార్ట్‌గేజ్. ఇదిగో, ఇప్పటికి ఖాళీ దొరికింది.”

“సరే, ట్యాగ్ మాత్రం తీయకు. నెలలోపు రిటర్న్ చేసెయ్యొచ్చు.”

“పదేళ్ల కిందట కొన్న లాంప్‌కి కూడా మనింట్లో ఇంకా ట్యాగ్ వేలాడుతూనే ఉంది.”

“దాని సంగతి వదిలెయ్.”

“పోనీ, మీరొక రౌండ్ తొక్కి చూడండి. నచ్చకపోతే రేపే రిటర్న్ చేద్దాం.”

“నేనా? ఎవరైనా చూస్తే నవ్వుతారు.”

“పడితే కదండీ నవ్వేది! ఇది పడదు.”

అతను అటూ ఇటూ చూసి ఎక్కాడు. లాట్ చుట్టూ ఒక రౌండ్ వేసి, ఆగకుండా ఇంకొకటి, ఆపైన మరొకటి వేశాడు. బెల్లు మోగుతూనే ఉంది.

“ఇంక దిగండి! అది నా సైకిలు!”

“ఉండవోయ్. ముందు లోపలికెళ్లి కత్తెర పట్రా.”

“ఇప్పుడు కత్తెరెందుకు?”

“ఈ ట్యాగ్ మాటిమాటికీ చేతికి తగుల్తోంది, కోసేద్దాం. అలాగే కారు తాళాలు కూడా తే. షాపు మూసేలోగా వెళ్లాలి. నాకు నీలం రంగుది కావాలి.”